వదిలేసిన నాలుగో గొంతు

నాగపూర్‌లోని ఒక సంగీత సంఘం వాళ్ళు నన్ను మోసగాడన్నారు. నేను ఒక్కడినే కూర్చొని వాయించి పంపిన పాటను ఇద్దరు కలిసి వాయించారని తేల్చారు. తేల్చి ఊరుకోలేదు. సంఘంలో అందరూ చదివే చోట నా పేరు పెట్టి, "ఇది ఒక్కరి పని కాదు. నియమం తప్పారు. మోసం" అని రాశారు. అంతకుముందు నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత నేను ఎన్ని రాసినా జవాబు ఇయ్యలేదు.

డెబ్బై దాటిన మనిషిని. ఆ ఒక్క మాట తీసేయించుకోవాలని బయలుదేరినవాణ్ణి. ఎక్కడ తేలానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దయ్యాలు గియ్యాలు నేను నమ్మను. నా ఉద్యోగమంతా మా చాందా పక్కన దుర్గాపూర్ దిక్కు ఒక పాత బొగ్గు గనిలో గడిచింది. గనిలో కిస్సాలకు కరువుండదు. పనిచేయని సొరంగంలో ఎవరో దగ్గుతున్నారని ఒకసారి షిఫ్టంతా పనిముట్లు వదిలి బయటికి ఉరికొచ్చింది. నేను దీపం పట్టుకొని పోయి చూస్తే పంపు పైపులో గాలి ఇరుక్కుంది. దుర్గాపూర్‌లో పులి తిరుగుతుందంటే నమ్ముతాను, బురదలో దాని అడుగులు కళ్ళారా చూశాను. దయ్యం అడుగులు చూపించిన మొనగాడు ఇంతవరకు నాకు తగల్లేదు.

నేను చదివింది తక్కువ. రాజురా అవతల మా ఊరి బడిలో కొన్నేళ్ళు, అదీ మరాఠీలో. తెలుగు అక్షరాలు కిరాణా పొట్లాల మీద నేర్చుకున్నాను. ఆదిలాబాద్ నుంచి వచ్చే పాత పత్రికలు చించి దుకాణంవాళ్ళు పొట్లాలు కట్టేవాళ్ళు. ఉప్పు పొట్లం మీద సగం కథ చదివితే మిగతా సగం ఇంకెవరింట్లోనో పప్పు పొట్లమై ఉండేది. హార్మోనియం కూడా గట్లనే, భజన మండలిలో పెద్దల చేతులు చూసి పట్టుకున్నాను. ఇంగ్లీషువాళ్ళు పాటను గీతల మీద చుక్కలు పెట్టి రాసుకుంటారు. ఆ చుక్కలు చదవడం రిటైరైనంక ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. గురువు లేడు. లేడని చిన్నచూపు చూసేవాళ్ళు మాత్రం అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

తుకుంలో మా ఇంటికి దగ్గర్లో ఒక చిన్న చర్చి ఉంది. అందులో పాతకాలం ఆర్గాన్ ఒకటి మూలకు పడి ఉండేది. నాటకాల్లో కాళ్ళ హార్మోనియం చూసినవాళ్ళకు తెలుస్తుంది, అట్లాంటిదే, కానీ బీరువా అంత ఉంటుంది. కింద రెండు పలకలుంటాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే తిత్తుల్లో గాలి నిండుతుంది. తొక్కుడు ఆపితే గొంతు పోతుంది. చర్చికి కరెంటు కీబోర్డు వచ్చాక దీంట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. అక్కడి పాస్టర్ మరాఠీ మనిషి, నన్ను ఆజోబా అంటాడు, అంటే తాత అని. "ఆజోబా, మీరు దీన్ని తీసుకపోతే ఎలుకలు మిమ్మల్ని తిట్టుకుంటాయి, మేమైతే దండం పెడతాం" అన్నాడు. తోపుడు బండి మీద ఇంటికి తెచ్చుకున్నాను.

తిత్తులకు కొత్త తోలు వేశాను. లోపల స్వరం పలికే ఇత్తడి రీడ్లను ఒక్కొక్కటి తుడిచి పెట్టాను. ఎడమ చేతి కొసన, అన్నిటికంటే మంద్రంగా పలికే రీడ్లు మాత్రం చిలుము పట్టి విరిగిపోయి ఉన్నాయి. వాటిని పీకి పచ్చడి సీసాలో పోసి అటక మీద పెట్టాను. ఆ గూళ్ళను మైనంతో మూసేశాను. ఆ కొసన ఉన్న మెట్లు ఎంత నొక్కినా మూగే. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

ఇక పాట సంగతి. యూరప్‌లో బరోక్ అనే కాలం ఒకటుంది, ఇక్కడ మన చాందాను గోండు రాజులు ఏలుతున్న రోజులు. ఆ కాలపు జర్మనీ ఆయన ఒకాయన చర్చి ఆర్గాన్ కోసం రాసిన ఫ్యూగ్ అనే రకం పాట అది. నాలుగు గొంతులుంటాయి. పై మూడు చేతులవి. అన్నిటికంటే కిందిది, నాలుగోది, పాదాలది. పెద్ద ఆర్గాన్లకు కాళ్ళ కింద కూడా మెట్లుంటాయి, వాటి మీద పాదాలతో స్వరం వాయిస్తారు. నా పెట్టెకు అవి లేవు. నా రెండు కాళ్ళూ గాలి కొట్టడానికే సరిపోతాయి. అందుకని నాలుగో గొంతు వదిలేసి మూడే నేర్చుకున్నాను. సంఘానికి పంపినప్పుడు ఆ సంగతి రాసే పంపాను. చదివితే గదా!

ఆ ఫ్యూగ్ నాకు ఎట్లా అర్థమైందో చెప్పాలి. మండలివాళ్ళు విని "గిదేం పాట, తాత? తాళం లేదు, చరణం లేదు" అని నవ్వారు. నిజమే, మొదట్లో నాకూ గజిబిజిగానే ఉండేది. ఒక గొంతు ఒక మాట అంటుంది. అది ముగిసీ ముగియకముందే రెండో గొంతు అదే మాట అందుకుంటుంది. తర్వాత మూడోది. ఎందుకిట్లా అని చాలా రోజులు కొట్టుకున్నాను. ఒకనాడు తిత్తులు తొక్కుతుంటే తట్టింది. అరె, ఇది మా గంట!

గనిలో నేను హాలర్ నడిపేవాణ్ణి. ఏటవాలు సొరంగం పైన ఇంజిన్ ఉంటుంది, ఇనుప రోప్‌తో బొగ్గు టబ్బులను పైకి లాగుతుంది, కిందికి వదులుతుంది. అదే హాలర్. నేను పైన, సొరంగం అడుగున నా జోడీ పోశం. మా ఇద్దరి నడుమ చీకటి, ఒక తీగ, ఒక గంట. ఒకసారి కొడితే ఆపు. రెండుసార్లు కొడితే వదులు. మూడుసార్లు కొడితే ఇక్కడ మనిషి ఉన్నడు, పైలం. కింది నుంచి ఎన్ని గంటలు వస్తే పైనుంచి అన్నే తిరిగి కొట్టాలి. జవాబు గంట పడందే రోప్ కదలకూడదు. ఒక్కోసారి నేను పరాకుగా ఉంటే పోశం టబ్బు పట్టుకొని అట్లనే నిలబడేవాడు, తర్వాత పైకొచ్చి చివాట్లు పెట్టేవాడు. "వినుడు కాదన్నా, విన్నవని చెప్పాలె" అనేవాడు.

ఫ్యూగ్ కూడా అంతే. ఒకరన్నది ఇంకొకరు తిరిగి అని, అప్పుడు ముందుకు పోతారు. చదువుకున్నవాళ్ళు దీనికి పెద్ద పెద్ద పేర్లు పెట్టుకోనీ. నాకు పోశం చెప్పినంత సూటిగా ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు.

పోశం గనిలో పోలేదు. రిటైరై, మనవరాలి పెళ్ళి చేసి, ఊపిరితిత్తుల జబ్బుతో సాస్తిలో తన ఇంట్లో, తన మంచం మీద పోయాడు. అందులో వింత ఏమీ లేదు.

ఆ మూడు గొంతులు నా చేతికి రావడానికి ఏళ్ళు పట్టింది. మా ఆవిడ శంకరమ్మకు ఆ పాట ముక్కముక్కగా తెలుసు. నేను ఒకే చోట మళ్ళీ మళ్ళీ తడబడుతుంటే వంటింట్లో నుంచి, "గా మొండి గుర్రం ఇయ్యాల గూడ దుంకలేదా?" అని అడిగేది. చివరికి ఒక మధ్యాహ్నం మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వాయించాను. ఫోన్‌ను కుర్చీ మీద నిలబెట్టి రికార్డు చేశాను. నాగపూర్ సంఘం ఇంట్లో నేర్చుకున్నవాళ్ళ వాయిద్యాలను ఏడాదికోసారి వింటుందని పాస్టర్ చెప్పాడు, ఆయనే పంపడం చూపించాడు. ఒక్కరే వాయించాలి, అతుకులు పెట్టకూడదు, అదీ నియమం.

తర్వాత ఏమైందో మొదట్లోనే చెప్పాను. మోసం అన్న మాట కింద వివరం కూడా పెట్టారు. పాదాల స్వరం మరెవరో వాయించారట. అది చదివి నాకు కోపం కంటే ముందు నవ్వొచ్చింది. పాదాల స్వరమే లేదు కదరా! లేనిదాన్ని ఇంకొకరు వాయించడమేంది?

ఫోన్‌లో మళ్ళీ విన్నాను. మూడే గొంతులు. అదే రాసి పంపాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. లేదు. పాస్టర్‌తో మంచి మరాఠీలో రాయించాను. ఊహూఁ. చదివినట్టు ఫోన్‌లో రెండు గీతలు నీలంగా మారతాయి, అంతే. చదివినవాడికి జవాబియ్యడానికి చేతులు లేవా? మా గనిలో అయితే గట్లాంటివాణ్ణి గంట దగ్గర నిలబెట్టేవాళ్ళే కాదు.

నా పక్షాన సాక్ష్యం ఉండాలని భజన మండలి పెద్ద స్పీకర్ ఇంటికి తెచ్చాను. శంకరమ్మ పక్కన కూర్చొని బియ్యం ఏరుతోంది. రికార్డింగ్ పెట్టాను. మొదటి గొంతు, రెండో గొంతు, మూడోది. ఆ తర్వాత నేల కింది నుంచి లేచినట్టు నాలుగోది వచ్చింది.

శంకరమ్మ చెయ్యి చాటలోనే ఆగిపోయింది. "గిదెవలు?" అన్నది.

"ఎవలూ లేరు."

"లేకుంటే నా గిన్నెలు ఎందుకు వణుకుతున్నయ్?"

చిన్న ఫోన్‌లో అంత మంద్రం పలకదు, పెద్ద స్పీకర్‌లో పలికింది. అంతవరకు నాకు లెక్క దొరికింది. కానీ అది ఉండటానికి లెక్క దొరకలేదు. పాట కాగితాలు తీసి, కింది గీతల వెంట వేలు పెట్టుకుంటూ విన్నాను. ఏదో మోత కాదది. పాదాల కోసం రాసిన స్వరమే, చుక్క వెంట చుక్క. ఇంట్లో ఎవరూ ఎన్నడూ వాయించనిది.

భయం వేసిందా అని అడుగుతారు. లేదు. నాకు ఆరా తీయాలనిపించింది. హాలర్‌లో ఏదైనా కొత్త చప్పుడు వస్తే అది ఎక్కడి నుంచో తేల్చుకునేదాకా నాకు అన్నం సయించేది కాదు, గట్ల.

ముందు బొగ్గు గనుల బ్లాస్టింగ్ అనుకున్నాను. మధ్యాహ్నం పూట పేలుస్తారు, కిటికీలు అదురుతాయి. కానీ పేలుడుకు రాగం ఉండదు. బ్లాస్టింగ్ లేని ఆదివారం వాయించి రికార్డు చేశాను. వచ్చింది. బొగ్గు రైలు కావచ్చని రైలు పోయేదాకా ఆగి వాయించాను. వచ్చింది. ఫ్యాను, ఫ్రిజ్జు, నీళ్ళ మోటరు అన్నీ ఆపాను. వచ్చింది. ఫోన్ తప్పేమోనని భజన మండలి తబలా ఆయన ఫోన్ అడిగి తెచ్చాను. దాంట్లోనూ వచ్చింది. ఆర్గాన్ వెనక పలక విప్పి, మైనం గట్టిగానే ఉందని వేలితో నొక్కి చూశాను. అటక మీది సీసా దించి చూశాను. రీడ్లు దాంట్లోనే ఉన్నాయి, సాలెగూడుతో సహా.

అదే పెట్టె మీద భజనలు వాయిస్తే రాదు. ఆ ఫ్యూగ్‌నే నడుమ నుంచి మొదలుపెడితే రాదు. మొదటి నుంచి మూడు గొంతులూ వరుసగా పలికితేనే తన వంతుకు వస్తుంది. గదిలో ఉన్నవాళ్ళకు వినపడదు. నాకూ వినపడదు. వాయిస్తున్నప్పుడు అరికాళ్ళ కింద పలకలు సన్నగా అదిరినట్టుంటుంది, అది నా మోకాళ్ళ నొప్పి కూడా కావచ్చు. రికార్డింగ్‌లో మాత్రం ఉంటుంది.

ఇంకో సంగతి తేలింది, ఇది ఎవరికి చెప్పినా నా మొహం చూస్తారు. రికార్డింగులన్నీ వరుసగా పెట్టి విన్నాను. మొదటిదాంట్లో ఆ గొంతు మెల్లగా, వెతుక్కుంటూ వస్తుంది. ఒక చోట కింది నుంచి పైకి పెద్ద అంగ వేయాలి, అక్కడ తడబడి ఆలస్యంగా అందుకుంటుంది. తర్వాతవాటిలో ఆ తడబాటు తగ్గుతూ పోయింది. అంటే వచ్చినవాళ్ళెవరో గాని, వచ్చి నేర్చుకుంటున్నారు. నాలాగే, గురువు లేకుండా. నాకంటే తొందరగా నేర్చుకోవడం మాత్రం, నిజం చెప్తున్నా, నాకు కొంచెం మంటగానే ఉండింది.

శంకరమ్మ మాత్రం ఒకనాడు చాయ్ పోస్తూ తేలిగ్గా అన్నది. "పోశన్న వచ్చిండేమో. పానం ఉన్నప్పుడు నీ ఇంజిన్ కింద ఉన్నడు, ఇప్పుడు నీ పెట్టె కింద కూసున్నడు."

"పోశం పాట పాడంగ ఎన్నడన్న విన్నవా? భజనకు పిలిస్తే గూడ రాకపోతుండె."

"రానోడే గదా నేర్సుకునేది" అని గ్లాసు నా చేతిలో పెట్టి పోయింది.

నేను ఒప్పుకోలేదు. పోశానికి సంగీతం వాసనే లేదు, సాక్ష్యం లేని మాట నేను అనను.

కానీ నా పంచాయితీ ఒక ఇరుకులో పడింది. నేను సంఘాన్ని ఏమని అడుగుతున్నాను? ఒక్కడినే వాయించానని ఒప్పుకోమని. ఒక్కడినే కూర్చున్న మాట నిజం. ఒక్కడినే వాయించానా అంటే, ఆ స్పీకర్ విన్న తర్వాత, నా నోరు ముందులా తెరుచుకోవడం లేదు. అయినా మోసం అన్నది పచ్చి అబద్ధం, దాన్ని మాత్రం మోయను. చివరికి ఒక్క వాక్యం రాసి పంపాను. నా ఇంటికొచ్చి చూడండి, లేదంటే వీడియోలో చూడండి, రెండూ చేయకుంటే ఆ మాట తీసేయండి.

దానికి కదిలారు. సంఘంలో వాయిద్యాలు విని తీర్పు చెప్పే మేడం ఒకామె ఉన్నారు, పియానో నేర్పి రిటైరైనామె. పట్టపగలు వీడియో కాల్ చేశారు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. మొహం మీద నవ్వు లేదు. నాకూ లేదు.

శంకరమ్మ ఫోన్ పట్టుకొని, తనకొచ్చిన హిందీ, మరాఠీ కలిపి మొదలుపెట్టింది. గది నాలుగు మూలలు చూపించింది. మంచం కింద చూపించింది. ఆర్గాన్ వెనక చూపించింది. పచ్చడి సీసా ఊపి గలగలమనిపించింది. తర్వాత ఫోన్ నేలకు దించి, "చూడండి మేడం, ఇవి మా ముసలాయన కాళ్ళు. రెండే ఉన్నాయి. అవి కూడా సరిగ్గా పనిచేయవు" అన్నది. మేడం మొహంలో ఏదో కదిలింది, కానీ నవ్వలేదు.

వాయించాను. మొండి గుర్రం చోటు దాటాను. దాటినంక ఎప్పుడు ముగిద్దామా అనే ఆత్రం పట్టుకుంది, చివరి వరుస గబగబా లాగేశాను. గదిలో నాకు మూడు గొంతులే వినిపించాయి, శంకరమ్మకూ అంతే. పక్కింటి కుక్కర్ కూత కూడా విన్నాం.

మేడం హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకొని వాటినే చూశారు. "రాసి పంపుతాను" అని కాల్ ఆపేశారు. అది రికార్డు చేయలేదు, ఫోన్ శంకరమ్మ చేతిలో ఉండింది. ఆమె ఏం విన్నారో నాకు తెలియదు.

మళ్ళీ జవాబు కోసం కూర్చున్నాను. ఈసారి వచ్చింది.

ఇది చదివేవాళ్ళకు ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఆ మేడంకు గాని, సంఘానికి గాని నేను ఏం పని చేసి రిటైరయ్యానో చెప్పలేదు. వాళ్ళు అడగలేదు. గని అన్న మాట మా మధ్య రాలేదు. గంట సంగతి శంకరమ్మకే సరిగ్గా తెలియదు, ఆమెకు తెలిసింది టిఫిన్ డబ్బా కట్టడమే, నా డ్యూటీ గురించి నేనెన్నడూ విడమరిచి చెప్పలేదు. అది తెలిసింది నాకు, పోశానికి.

ఆ జవాబు వచ్చినంక ఇంకా ఆ ఫ్యూగ్‌కు కూర్చోలేదు. కూర్చుంటాను, ఈ వారంలోనే. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఎవరైనా దీనికి లెక్క చెప్తే వింటాను, ఎదురు ప్రశ్నలు కూడా వేస్తాను. నాకైతే లెక్క దొరకలేదు. మేడం మరాఠీలో రాసిన జవాబును తెలుగులో పెడుతున్నాను, నా సొంత మాట ఒక్కటీ కలపలేదు.

"మీ చేతులు, మీ పాదాలు, మీ గది మొత్తం చూశాను. మీరు ఒక్కరే కూర్చొని వాయించారు. మోసం అన్న మాట తప్పు. దాన్ని తీసేశాం, అందరి ముందూ క్షమాపణ కూడా రాశాం. కింది స్వరం ఎక్కడిదో నేను చెప్పలేను. ఒక్క విషయం మాత్రం మీకు తెలియాలి. చివరి వరుసకు ముందు అది పాటలో లేని పని ఒకటి చేసింది. ఒకే మెట్టును మూడుసార్లు, విడివిడిగా మోగించి ఆగింది. మీరు కూడా తిరిగి మోగించాలని ఎదురుచూస్తున్నట్టు నాకు అనిపించింది. మీరు వినిపించుకోకుండా ముందుకు వెళ్ళిపోయారు. ఈసారి వాయించినప్పుడు అక్కడ ఆగి, దయచేసి జవాబివ్వండి."